తలూపితే పాసైనట్టే!

గుంటూరు, ఒంగోలు వైపు ఓపీలో కొత్తగా కూర్చునే డాక్టర్లకు ఒక చిక్కు. తన జబ్బు గురించి, మందుల గురించి రోగికి ఎంత తెలుసో కనిపెట్టడం ఎలా? తేలిక మార్గాలు ఇవిగో.

1. సంతకంతో తేల్చేయండి. సంతకం పెడితే అన్నీ తెలిసినట్టు, వేలిముద్ర వేస్తే ఏమీ తెలియనట్టు. 2011 లెక్కల్లో ప్రకాశం జిల్లా అక్షరాస్యత సుమారు 63 శాతం. ఆ 63 మందికి చెప్పక్కర్లేదు, మిగతా 37 మందికి చెప్పడం దండగ. మొత్తమ్మీద ఎవరికీ చెప్పే పనిలేదు.

2. బెల్లు మీద చెయ్యి పెట్టి "అర్థమైందా?" అనండి. దర్శి నుంచి తెల్లారుజాము బస్సెక్కి వచ్చిన మనిషి, వెనక క్యూ తోసుకొస్తుంటే "కాలేదు సార్" అంటాడా? తలూపుతాడు. నూటికి నూరు మార్కులు వేసేయండి.

3. "ఇంటికెళ్ళి ఈ మాత్రలు ఎట్లా వేసుకుంటావో ఒకసారి నాకు చెప్పు పెద్దమ్మా" అని పొరపాటున కూడా అడక్కండి. టీచ్‌-బ్యాక్ అని దీన్ని కొందరు మెచ్చుకుంటారు. అడిగారంటే, బీపీ మాత్ర తల తిరిగిన రోజే మింగుతోందని, సుగర్ మాత్ర ఒక్కపొద్దు నాడు కూడా మానలేదని బయటపడుతుంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. ఎవరికి ఓపిక?

4. చీటీ మీద "టీడీఎస్" అని గిలికేయండి. రోజుకు మూడుసార్లని పెద్దమ్మే ఊహించుకుంటుంది. మిరప కోతకు పొద్దున్నే ఆటో ఎక్కే మనిషి మధ్యాహ్నం మాత్ర చేలోకి తీసుకెళ్తుందా అన్నది మీకు అనవసరం. మందుల పేర్లు చదవడానికి వీలుగా రాయాలని భారత వైద్య మండలి 2016లో చెప్పింది, కానీ చెయ్యి నొప్పి పుడుతుంది. కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసిచ్చే ఫార్మసిస్టును మందలించండి.

5. శాస్త్రీయంగా కొలవాలంటే 2005లో అమెరికాలో తయారైన న్యూయెస్ట్ వైటల్ సైన్ అనే పరీక్ష ఉంది. ఐస్‌క్రీమ్ లేబుల్ చూపించి ఆరు ప్రశ్నలు అడుగుతారు. మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీకి అదే ఇవ్వండి. కాలరీలు చెప్పలేకపోతే ఫెయిల్. కాటా దగ్గర కిలోలు, తరుగు, కమీషను అతను నోటిలెక్కన తేలుస్తాడన్న సంగతి మాత్రం ఎత్తకండి.

6. పత్తి రైతుకు కొలతలు తెలియవని ముందే తీర్మానించుకోండి. స్ప్రేయర్ ట్యాంకుకు పురుగుమందు ఎన్ని ఎంఎల్ కలపాలో అతనికి కంఠతా వచ్చు. అయినా పిల్లాడి సిరప్ 5 ఎంఎల్ అంటే ఎంతో చూపించకుండా "ఒక చెంచా" అనేయండి, ఏ చెంచా అయినా ఫర్వాలేదు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర రంగు గుర్తు అన్నిటికన్నా తీవ్రమైన విషానికని, ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ అని తెలుసా అని అడక్కండి. అది వ్యవసాయ శాఖవాళ్ళు చూసుకుంటారు.

7. రోగి ఆడమనిషైతే వెంట వచ్చిన కొడుకుతో మాట్లాడండి. మాత్రలు మింగేది ఆమే. అతను మాత్రం రాత్రి బస్సుకే హైదరాబాదు వెళ్ళిపోతాడు.

8. నెల తిరక్కుండా అదే రోగి అదే బాధతో వస్తే "చెప్పినా వినరు" అని కేసు షీట్‌లో రాసేయండి. తప్పు ఎవరిదో తేలిపోతుంది.

ఈ చిట్కాలను తిరగేసి పాటించే డాక్టర్లకు ఒక హెచ్చరిక: ఒక్కో రోగి దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కూర్చోవాల్సి వస్తుంది.