ముందు మీ అర్హత చూపండి సారూ

లక్షా యాభై వేల రూపాయలు ఎక్కువా, తక్కువా? నిజామాబాద్‌లో ఏ ఆఫీసులో అడిగినా ఎదురు ప్రశ్నే వేస్తారు: ఎవరికి?

నెల జీతం తీసుకునే ఉద్యోగి పాత పన్ను విధానంలో ఉంటే, పిల్లల ట్యూషన్ ఫీజు లాంటివి చూపించి ఏడాదికి 1,50,000 దాకా ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అది ఉపశమనం. ఎడపల్లిలో ఉన్న బీసీ కుటుంబానికి ఏడాది మొత్తం ఆదాయమే 1,50,000 దాటిందనుకోండి, వాళ్ల పిల్ల సర్కారు ఇచ్చే కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంటుకు పనికిరాదు. అది ఐశ్వర్యం. రోజుకు 411 రూపాయలు దాటి ఇంటికి తెచ్చుకుంటే సర్కారు దృష్టిలో కలవారే. అదే కుటుంబం ఆటో ఎక్కి బోధన్ మున్సిపాలిటీలో దిగి కాపురం పెడితే గీత 2 లక్షలకు జరుగుతుంది. పట్నంలో పేదరికం కాస్త ఖరీదన్నమాట.

ఉద్యోగికి ఇంకో సుఖం ఉంది. ఎక్కువ పట్టుకున్న పన్ను వాపసు రావడం ఆలస్యమైతే నెలకు అర శాతం చొప్పున వడ్డీ కలిపి ఇస్తారు. రీయింబర్స్‌మెంటుకు అడిగినట్టు, ఆయన కూతురికి 75 శాతం హాజరు ఉందా, వేలిముద్ర పడిందా అని ఎవరూ అడగరు. కట్టిన రసీదు ఉంటే చాలు.

ఇప్పుడు ఏ పన్నూ కట్టలేని ఇంటి సంగతి. అమెరికాలో దీనికో పద్ధతి పెట్టుకున్నారు. డిగ్రీ చదివే పిల్లల కోసం ఒక పన్ను క్రెడిట్ ఉంది, ఏడాదికి 2,500 డాలర్ల దాకా. కట్టాల్సిన పన్ను సున్నా అయినా అందులో 1,000 డాలర్ల దాకా చేతికిస్తారు. ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్.కు వెళ్లిన మన పిల్లలకు మామూలుగా అది వర్తించదు. అది డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకే, అదీ అక్కడి పన్ను చట్టం లెక్కలో నివాసి అయితేనే. అయినా “నేను తెప్పిస్తా తమ్మీ, కమీషన్ ఇస్తే చాలు” అనే కన్సల్టెంటు అక్కడా దొరుకుతాడు. కన్సల్టెంట్లకు సముద్రం అడ్డు కాదు. బోధన్ వాళ్లకు ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకంటే 2017లో బోధన్ వాణిజ్య పన్నుల ఆఫీసులో నకిలీ చలానాల బాగోతం బయటపడింది. ఒకే చలానాను ఒకరికి మించిన వ్యాపారుల ఖాతాల్లో చూపించి పన్ను కట్టేసినట్టు రాసుకున్నారన్నది కేసు. కోట్ల రూపాయల లెక్క, సీఐడీ దర్యాప్తు. ఆ చలానా ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి తిరుగుతుంటే ఏళ్ల తరబడి ఏ కంప్యూటరూ “మిస్‌మ్యాచ్” అని కూయలేదు. ఇంటిపేరు మార్కుల మెమోలో ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉన్న పిల్ల దరఖాస్తు చూడండి, అదే సర్కారు కంప్యూటరుకు ఎంత చురుకు పుడుతుందో!

ఆ పిల్లది బోధన్‌లోని శక్కర్‌నగర్ అనుకుందాం. తల్లి బీడీలు చుడుతుంది. పిల్ల కూడా పుస్తకం మోకాలి మీద పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంది. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలి చర్మం గట్టిపడింది. బయోమెట్రిక్ మిషన్ ఆ వేలిని మూడుసార్లు చూసి మూడుసార్లూ గుర్తుపట్టనంటుంది. “వేలు తుడుచుకుని రాపో” అంటాడు కౌంటరు మీది పిల్లగాడు. ఆదాయం సర్టిఫికెట్ దగ్గర ఇంకో ముచ్చట.

“మీ నాయిన ఏం చేస్తడు బిడ్డా?”

“నిజాం షుగర్స్‌ల చేసేటోడు సార్.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు ఫ్యాక్టరీయే నడుస్తలేదు కద సార్.”

“అట్ల రాస్తే సిస్టం తీసుకోదు. అంకె చెప్పు.”

1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని బోధన్ గొప్పగా చెప్పుకున్నది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, 49 శాతం సర్కారు దగ్గరే ఉంది. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించారు. 2019లో ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. తెరిపిస్తామని 2014లో ఒక పార్టీ, 2023లో ఇంకో పార్టీ ఓట్లడిగాయి. అంటే, నాయిన జీతం ఆగిన కంపెనీలో దాదాపు సగం యజమాని ఎవరో, ఆ నాయినకు ఆదాయం లేదని కాగితం తెమ్మంటున్నదీ వాళ్లే. ఏటా తేవాలి మరి. నిరుడు పేదోడివైతే ఈ ఏడూ పేదోడివేనని గ్యారంటీ ఏంటి?

2014లో ఇంకో అడుగు ముందుకేశారు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ‘ఫాస్ట్’ పథకమని పేరు పెట్టి, 1956 నవంబరు 1 నాటికి మీ వాళ్లు ఇక్కడ ఉన్నట్టు చూపమన్నారు. నిజాంసాగర్ నీళ్ల కోసం కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూరు చుట్టూ క్యాంపులు కట్టుకుని చెరకు పెంచిన వాళ్ల మనవళ్లు, తాత బండి ఏ తారీఖున దిగిందో వెతుక్కోవాల్సి వచ్చింది. హైకోర్టు మొట్టికాయలు పడ్డాక ఆ పథకాన్ని మూటగట్టి పక్కన పెట్టారు. దాని పేరులోని వేగం మాత్రం చెల్లింపులకు అంటలేదు.

సరే, పిల్ల అన్నీ గెలిచిందనుకోండి. ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు రాలేదు కాబట్టి బీసీ కోటాలో ఆమెకిచ్చేది గరిష్ఠంగా 35,000. ఆ 35,000 గీత 2012 నాటిది. తర్వాత రాష్ట్రం రెండైంది, ముఖ్యమంత్రులు మారారు, కొన్ని కాలేజీల ఫీజు లక్ష దాటింది. గీత కదల్లేదు. తెలంగాణలో ఇంత నిలకడగా ఉన్న ఆర్థిక విధానం ఇంకొకటి నాకు కనబడలేదు.

ఆ 35,000 అయినా ఎప్పుడిస్తారు? ఇక్కడే మన పాలకుల ప్రతిభ. బిల్లు ట్రెజరీకి పోతుంది, టోకెన్ పడుతుంది. “టోకెన్లు ఇచ్చేశాం” అని మంత్రులు చెప్తారు. తిరుమలలో టోకెనిస్తే దాని మీద దర్శనం వేళ రాసి ఉంటుంది. దీని మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. టోకెన్లు పాతబడి, బకాయిలు కొండలై, చివరికి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. కొంత విడుదల చేస్తామన్న హామీ మీద తాళాలు తీశాయి. సర్కారు డబ్బివ్వలేదు కాబట్టి కాలేజీ మూశారు, కాలేజీ మూశారు కాబట్టి పాఠాలు లేవు. పిల్లకు మాత్రం 75 శాతం హాజరు ఉండాల్సిందే, లేకుంటే సర్కారు ఇవ్వని డబ్బు కూడా ఇవ్వదు!

వైఎస్ రాజశేఖరరెడ్డి కాలంలో ఈ పథకం ఇంత విస్తరించినప్పుడు ఉద్దేశం మంచిదే, వేల ఇళ్లలో మొదటి ఇంజినీరు దాని పుణ్యమే. ఆ తర్వాత వచ్చిన ప్రతి సర్కారూ దాన్ని రద్దు చేసే ధైర్యమూ చేయలేదు, నడిపే శ్రద్ధా పెట్టలేదు. అర్హతలన్నీ అడిగేవాడికే రాశారు. ఇచ్చేవాడు ఏ ఫారం నింపాడు? గడువు దాటితే వడ్డీ కట్టే షరతు ఎక్కడ? మూడేళ్లు బాకీ పడ్డ ఆర్థిక శాఖకు ఏ ‘రిజెక్టెడ్’ ముద్ర పడింది?

చదువైపోయాక పిల్ల ఒరిజినల్ మెమోల కోసం కాలేజీకి పోతుంది. సర్కారు నుంచి రావాల్సింది రాలేదు, నువ్వు కట్టి తీసుకుపో, వచ్చాక వాపసిస్తాం అంటాడు గుమస్తా. ఆ పిల్ల బుర్రలో ఇంజినీరింగుతో పాటు లెక్కలూ ఎక్కినట్టున్నాయి.

“సార్, మీకు బాకీ ఉన్నది సర్కారే కద?”

“అవును బిడ్డా.”

“మా నాయిన ఆఖరి జీతాలు కూడా రాలె. ఆ కంపెనీల నూటికి నలభై తొమ్మిది వంతులు సర్కారుదే. మీరూ వాళ్లూ కూసోని తెగ్గొట్టుకోండ్రి. నడుమ నా మెమోలెందుకు సార్?”