అద్దాల గదిని చలికి వదిలేయండి

డెట్రాయిట్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో సన్‌రూమ్ ఉన్నవాళ్ళకు నా మొదటి సలహా: జనవరి రాత్రుళ్ళు ఆ గదిని వెచ్చగా ఉంచే ప్రయత్నం మానుకోండి. వేడి బయటికి పోకుండా దారి చెప్పమంటే అసలు వేడే పెట్టొద్దంటాడేమిటని కోప్పడకుండా లెక్క చూడండి. వేడిని అడ్డుకునే శక్తికి అక్కడ కొలత ఆర్-విలువ. ఒంటి అద్దానికి అది సుమారు 1, జంట అద్దాలకు 2, లో-ఈ పూత పూసి మధ్యలో ఆర్గాన్ నింపిన జంట అద్దాలకు 3 పైచిలుకు. మామూలు గోడలో కూరే ఫైబర్‌గ్లాస్‌కే 13. ఎంత ఖరీదైన కిటికీ బిగించినా అది గోడకు సాటి రాదు. మూడు వైపులా అద్దాలే ఉన్న గదిలో 1,500 వాట్ల హీటరు ఆగకుండా పది గంటలు నడిస్తే 15 యూనిట్ల కరెంటు. ఆ వేడంతా తెల్లారేసరికి పెరటి మంచులో కలుస్తుంది.

కిటికీలు మార్చే డబ్బు దాచుకుని, ముందు ఇంటికీ సన్‌రూమ్‌కీ మధ్యనున్న తలుపు సంగతి చూడండి. అంచులకు వెదర్‌స్ట్రిప్ అంటించండి, కింద సందు మూయండి, చీకటి పడితే తెరవకండి. ఆ గదిలో నీళ్ళ పైపు ఉంటే మాత్రం చలికాలానికి ముందే నీళ్ళు కట్టేసి పైపు ఖాళీ చేయించాలి.

పగలు ఇదంతా తిరగబడుతుంది. చలికాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ గది లోపలిదాకా వస్తుంది. అక్కడొక థర్మామీటరు పెట్టండి. ఇంటికన్నా సన్‌రూమ్ వేడెక్కితే తలుపు బార్లా తెరవండి, ఎండ జారకముందే మూసేయండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూర్చోవలసిన వేళ అదే.

మరి కరివేపాకు మొక్క? రాత్రంతా హీటరు వేసేది దానికోసమేనని చాలామంది చెబుతారు. ఆ ప్రేమ నాకు తెలుసు. అయినా ఒక్క కుండీ కోసం గదంతా కాచడం దేనికి? కుండీని ఇంట్లోకి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి. ఆకు కొంత రాల్చినా కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి, వేరు కుళ్ళుతుంది.

ఇంత చెప్పినా కిటికీలకు ఏదో ఒకటి చేయాల్సిందేనంటే, అందం సంగతి మరిచిపోండి. అద్దం మీద నీళ్ళు చల్లి, బుడగలు అద్దం వైపు ఉండేలా బబుల్ ర్యాప్ అంటించండి. చూడ్డానికి బాగుండదు, పని మాత్రం చేస్తుంది. అందమైన మందపాటి కర్టెన్ పైనా పక్కలా మూసుకుని లేకపోతే పెద్దగా లాభం లేదు: దాని వెనక చల్లబడ్డ గాలి కిందికి జారుతుంటే, గదిలోని వెచ్చటి గాలి పైనుంచి దిగి అద్దాన్ని తాకుతూనే ఉంటుంది.

పొగగొట్టం లేని గ్యాసు, కిరోసిన్ హీటర్లు మాత్రం ఆ గదిలో వద్దే వద్దు. వాటి మంట నుంచి వచ్చే నీటి ఆవిరి అద్దాలకు పట్టి చెక్క చట్రాలను నానబెడుతుంది. అంతకన్నా ఘోరం, కార్బన్ మోనాక్సైడ్: దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అలాంటి హీటరు మీ సన్‌రూమ్‌లో ఉంటే ఈరోజే తీసేయండి.