మేష్టారి చెయ్యి కమిలింది

మా అంబాజీపేటలో కంటికి కనపడని నొప్పికి గిరాకీ లేదండి. కొబ్బరి మార్కెట్టు ఉన్న ఊరు. ఇక్కడ పుట్టినవాడు దేన్నైనా చేత్తో పట్టుకుని, చెవి దగ్గర ఊపి చూసుకున్నాకే ధర మాట్లాడతాడు. కురిడీ కొబ్బరిలో గండేరా రకం వెయ్యికి ఎంత పలికింది, గటగట రకం వెయ్యికి ఎంత పలికింది అని పేపర్లో చూసుకుంటే గానీ కాఫీ గ్లాసు ఎత్తని జనానికి, "నా కుడిభుజం పైకి లేవట్లేదయ్యా" అంటే ఏం తలకెక్కుతుంది? ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డ మనిషి భుజం నొప్పంటే, ఇంట్లో అటక సర్దమని ఉంటారు, తప్పించుకుంటున్నాడు అనుకుంటారు.

మా ఇంట్లో సర్దాల్సిన అటక ఉన్న మాట నిజమే. కానీ నొప్పి కూడా నిజమే. ఫ్రోజెన్ షోల్డర్ అని డాక్టరు తేల్చాడు. చెయ్యి పక్కకి లేవదు, వెనక్కి పోదు, బనీను విప్పాలంటే ఇంకో మనిషి కావాలి. కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రాశారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత తన్నించుకుంటే నడుంపట్టు వదులుతుందని మనవైపు నమ్మకం కదా. నడుముకి పనిచేసేది భుజానికి పనిచెయ్యదా అని మా తోడల్లుడు వాదించి, తన్నేవాణ్ణి కూడా కుదుర్చుకొచ్చాడు. చూస్తే వాడు హైస్కూల్లో నా దగ్గర లెక్కలు చదివినవాడు. నా బెత్తం రుచి చూసిన కుర్రాడి కాలికి నా భుజం అప్పగిస్తే ఏమవుతుందో లెక్క కట్టుకుని, నమస్కారం పెట్టి పంపేశాను.

అప్పుడు మా అమ్మాయి ఆక్యుపంక్చర్ మాట ఎత్తింది. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ చైనా వెళ్లి, అక్కడే అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్నాడట. తర్వాత కడుపుబ్బరంగా ఉందంటే ఆ ఆస్పత్రివాళ్లు మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా సూదులు గుచ్చారట. ఆయన ఆ సంగతి పేపర్లో రాసేసరికి అమెరికా అంతా సూదుల వైపు తిరిగింది. మనకి అంతకు ముందే వచ్చింది. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన వైద్యబృందంలో బిజయ్ కుమార్ బసు అనే బెంగాలీ డాక్టరున్నాడు. ఆయన 1958లో మళ్లీ వెళ్లి ఈ విద్య నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. 2019లో కేంద్రం కూడా దీన్ని విడి వైద్యపద్ధతిగా గుర్తించింది. ఇదంతా అమ్మాయి ఫోన్లో చెబుతుంటే నాకు ఒక్కటే అనుమానం: కడుపుబ్బరానికి మోచేతిలో గుచ్చితే, భుజానికి ఎక్కడ గుచ్చుతారు?

ముంగాల్లో గుచ్చారండి. మోకాలికీ చీలమండకీ మధ్య. "భుజానికొస్తే కాలు పట్టుకున్నారేంటండీ?" అంది మా ఆవిడ. భుజం బిగుతుకి ఆ చోటు వాళ్ల శాస్త్రంలో పేరుమోసిందే, తియావ్‌కౌ అంటారని సూదుల డాక్టరుగారు చెప్పాడు. తర్వాత మోచేతి పక్కనా భుజం చుట్టూ కూడా గుచ్చాడు. అంతకు ముందే రెండు ప్రశ్నలు వేశాడు. ఒకటి, నెత్తురు పల్చబడే మాత్రలేమైనా వాడుతున్నారా? గుండెకని రోజూ ఆస్పిరిన్ వేస్తున్నామని మా ఆవిడ చెప్పింది. "అయితే కాస్త కమలొచ్చండి. అలాగని మీ అంతట మీరు ఆ మాత్ర మానెయ్యకండి" అన్నాడు. రెండోది, ఏమైనా తిని వచ్చారా? ఖాళీ కడుపుతో కూర్చుని సూదులు పొడిపించుకుంటే కొందరికి కళ్లు తిరుగుతాయట. అంబాజీపేట వాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? "ఆయ్, పొట్టిక్కలు" అన్నాను. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీ గురించి ఆయనకి వివరించబోతే, ఎన్ని తిన్నానో మా ఆవిడ చెప్పేసింది. వెంటనే పడుకోబెట్టారు.

సూది అంటే మనం భయపడే ఇంజెక్షన్ సూది కాదు. మిల్లీమీటరులో పావు వంతు మందం. లోపల బొరియ ఉండదు, మందూ ఉండదు. దిగుతున్నప్పుడు చీమ కుట్టినట్టు కూడా లేదు గానీ, దిగాక లోపలెవరో బరువు పెట్టినట్టు చెయ్యంతా లాగింది. అలా లాగితేనే మంచిదన్నాడు. ఆ తర్వాత మాచిపత్రి జాతి ఆకుతో చేసిన చుట్ట ఒకటి వెలిగించి మోకాలి దగ్గర సెగ పట్టాడు. "చవితి నాడు దేవుడికి పెట్టే పత్రండీ అది" అని మా ఆవిడ చెంపలు వేసుకుంది. చేతులు అక్కడున్నా ఆవిడ ధ్యాసంతా సూదుల మీదే. గుచ్చేటప్పుడు ఎన్ని గుచ్చారో పైకే లెక్కపెట్టింది, తీసేటప్పుడు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టింది. డాక్టరుగారు నొచ్చుకోలేదు. సూది ఒంట్లోనే మర్చిపోవడమన్నది ఇంగ్లండులో 2001లో అచ్చయిన లెక్కల్లో కూడా ఉందని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మళ్లీ మొదట్నించీ లెక్కపెట్టింది.

మర్నాటికి మోచేతి పక్కన రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. ఆ పైరోజుకి నీలం తిరిగి అరచేయంత అయింది. నా దగ్గరున్నవన్నీ పొట్టిచేతుల చొక్కాలు. అలాగే బజారుకి వెళ్లాను.

భుజం గురించి ఏనాడూ నోరెత్తని ఊరు ఆగిపోయింది.

"ఆయ్, ఏంటండీ మేష్టారూ ఆ చెయ్యి?"

"జగ్గన్నతోట తీర్థానికి ఈ వయసులో మీరు ప్రభ మోశారేంటండీ?" సంక్రాంతి వెళ్లిన వారం కావడంతో వచ్చిన అనుమానమది.

"ఇంట్లో అమ్మగారితో ఏవన్నా..." అని మాట సగంలో ఆపి, మిగతాది చూపుతో పూర్తిచేసినవాడు మెడికల్ షాపు కుర్రాడు.

కొబ్బరి కొట్టు ముందు ఒకాయన నా చెయ్యి పట్టుకుని, ఎండలోకి లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, "గండేరా రకమండి" అన్నాడు. పక్కాయన ఒప్పుకోలేదు. "ఇంకా ముదరాలండి. ఇవాళ్టికి గటగటే." కుర్చీ వేశారు. కొబ్బరినీళ్లు తెప్పించారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ బజార్లో నాకు దక్కని మర్యాద అది.

ఆ గుంపులో నా పాత శిష్యుడొకడున్నాడు. ఇప్పుడు పెద్ద వ్యాపారి. వాడు దగ్గరికొచ్చి, డాక్టరుకి కూడా లేని ధీమాతో చెప్పాడు. "కంగారు పడకండి మేష్టారూ. రేపింకా నల్లబడుద్దండి. నాలుగైదు రోజులకి అంచులు ఆకుపచ్చగా తిరుగుతాయండి. వారం దాటాక పసుపు, ఆ తర్వాత గోధుమరంగు. రెండు వారాల్లో పోద్దండి."

"నీకెలా తెలుసురా?"

"త్రికోణమితి చెప్పిన ఏడాదండి" అన్నాడు వినయంగా.

తర్వాత డాక్టరుగారు ఫోన్లో అదే పాఠం శాస్త్రీయంగా చెప్పాడు. సూది దారిలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళం తెగుతుంది. చర్మం కింద చేరిన నెత్తురులోని హీమోగ్లోబిన్ విరిగి మొదట ఆకుపచ్చ బిలివెర్డిన్, తర్వాత పసుపు బిలిరుబిన్ అవుతుంది, మిగిలిన ఇనుము గోధుమరంగు వేస్తుంది. మావాడు పేర్లు చెప్పలేదు గానీ వరస ఒక్కటీ తప్పలేదు. లెక్కల్లో ఎప్పుడూ అంత కచ్చితంగా లేడు.

మధ్యలో మచ్చ మణికట్టు వైపు జారింది. చర్మం కింద చేరిన నెత్తురు బరువుకి కిందికి దిగుతుందట, అంతే. ఊరు మాత్రం "పాకుతోందండోయ్" అని తీర్మానించింది. జలగ పట్టించమన్నారు. పసుపు కాచి పొయ్యమన్నారు. మొదటిరోజు చల్లటి గుడ్డ, రెండ్రోజులు పోయాక గోరువెచ్చటి కాపడం, నలపడం మాత్రం వద్దని డాక్టరు మాట. దాన్ని నలపని వాళ్లు ఊళ్లో మా ఆవిడా నేనూ ఇద్దరమే.

టీకొట్టు దగ్గర నేనొకసారి లెక్క చెప్పబోయాను. జర్మనీలో 2,29,230 మంది రోగుల్ని గమనించి 2009లో అచ్చేశారు. అందులో 6.1 శాతం మందికి నెత్తురు రావడమో కమలడమో జరిగింది. నొప్పి మిగిలింది 1.7 శాతానికి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం మొత్తంలో ఇద్దరికే. ఒకడు వేళ్లు మడిచి లెక్కేసి, "నూటికి ఆరండి. మన బజార్నించి సూదులకి వెళ్లింది మీరొక్కరే. ఒక మనిషిలో ఆరు శాతమంటే ఆ మోచెయ్యి మేరే కదండీ, లెక్క సరిపోయింది" అన్నాడు. వాడు ఎవరి దగ్గర లెక్కలు నేర్చుకున్నాడని ఎవరూ అడక్కముందే లేచి వచ్చేశాను.

ఇంట్లో ఆ గాలి చేరిన ఇద్దరి సంగతి దాచకూడదు గానీ, చెబితే ఏమైందో చూడండి. సూదుల తర్వాత గుండెల్లో నొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చెయ్యకుండా పెద్దాస్పత్రికి పోవాలని డాక్టరు చెప్పాడు, అది సరైన మాటే. మా ఆవిడ మాత్రం అర్ధరాత్రి నేను గట్టిగా ఆవులించినా లేచి కూర్చుని ఆటో నంబరు వెతికేది. నిద్రమత్తు కూడా సూదుల సైడ్ ఎఫెక్టేనట. భోజనం అయ్యాక నాకది పదో తరగతి చెప్పే రోజుల్నించీ ఉంది.

చెయ్యి ఇప్పుడు తల దాకా లేస్తోంది. సూదుల వల్లా, రోజూ గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం వల్లా, లేక ఈ జబ్బు ఏడాదికో రెండేళ్లకో దానంతటదే వదులుతుంది కాబట్టా? మూడు చరరాశులు, ఒకటే సమీకరణం. మార్కులు ఎవరికీ వెయ్యలేదు. మచ్చ పసుపు తిరగ్గానే కొబ్బరినీళ్లు ఆగిపోయాయి. గోధుమరంగు వచ్చాక కుర్చీ కూడా వెయ్యలేదు.

అయితే నన్ను చూసి మోకాలి నొప్పి ఉన్న ఒక కొబ్బరి వ్యాపారి వెళ్లి సూదులు గుచ్చించుకొచ్చాడు. ఎలా ఉందండీ అని అడిగితే ముఖం చిట్లించాడు.

"నొప్పి తగ్గింది గానీ మేష్టారూ, నాకన్యాయం జరిగిందండి. మీకూ నాకూ ఒకటే ఫీజు. మీకేమో మోచేతి నుంచి మణికట్టు దాకా వచ్చింది. నాకు చూపించుకోడానికి ఒక్క చుక్క లేదు. బస్టాండు నుంచి కొట్టు దాకా పంచె ఎగ్గట్టి నడిచొచ్చానండి, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. మీరు చెబితే వింటాడు కదా, ఈసారి నాకూ కాస్త గట్టిగా పొడవమనండి."