సిగ్గుపడే స్తోమత

ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు సిగ్గుపడే రోజు ఎంతో దూరంలో లేదని 2025 జూన్‌లో హోంమంత్రి అమిత్ షా గారు అన్నప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. సిగ్గుపడమంటే పడతాం. పెద్దవాళ్లు చెప్పాక పడకపోతే బాగుండదు కూడా. నా బెంగంతా మన యూనివర్సిటీ పిల్లల గురించి. ఇంగ్లిష్ మాట్లాడినందుకు సిగ్గుపడాలంటే ముందు ఇంగ్లిష్ మాట్లాడటం రావాలి కదా. ఆ లెక్కన మనవాళ్లలో ఎందరు గట్టెక్కుతారు? రేపు దేశమంతా కలిసికట్టుగా సిగ్గుపడుతుంటే మన ఉస్మానియా కుర్రాడు, మన కాకతీయ అమ్మాయి, మన ఆంధ్రా యూనివర్సిటీ పీజీ పిల్లలు సిగ్గుపడటానికి తమ దగ్గర ఏమీ లేక బిక్కమొహాలు వేసుకుని నిలబడాల్సిందేనా?

ఆ కబురు వచ్చిన తీరు చూడండి. ఆయన అన్నది ఢిల్లీలో, ఒక పుస్తకావిష్కరణ సభలో, హిందీలో. వార్తా ఏజెన్సీ వాళ్లు దాన్ని ఇంగ్లిష్‌లో పంపారు. డెస్కులో సబెడిటర్ తెలుగు చేశాడు. అంటే సిగ్గుపడమన్న మాటను వింధ్య దాటించి మన గుమ్మం దాకా మోసుకొచ్చింది కూడా ఆ సిగ్గుమాలిన భాషే. వారం తిరిగేసరికి అధికార భాషా విభాగం స్వర్ణోత్సవ సభలో, ఏ విదేశీ భాష మీదా వ్యతిరేకత లేదని మంత్రిగారు సర్దిచెప్పారు. నేనప్పటికే పథకం రాసేసుకున్నాను. రాసినదాన్ని వృథా పోనివ్వడం నావల్ల కాదు.

పథకం పేరు ‘సిగ్గు సాధన’. డిగ్రీ పట్టా పుచ్చుకునే నాటికి ప్రతి విద్యార్థీ నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో మాట్లాడి, ఆ వెంటనే సిగ్గుపడగలగాలి. అంతే.

జూన్ నెల దీనికి మంచి ముహూర్తం. తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో సీట్లు తేలుతుంటాయి. కాలేజీ తెరిచాక కొత్త బ్యాచ్‌కి ఓరియంటేషన్ పెడతారు. కోటు వేసుకున్న మోటివేషన్ స్పీకర్ ఒకాయన వచ్చి, కళ్లు మూసుకోండి, ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని మైకులో అడుగుతాడు. పిల్లలు కళ్లు మూసుకుంటారు. వెనక బెంచీల వాళ్లు మళ్లీ తెరవరు. తెరిచినవాళ్లకి తెల్లకాగితం ఇచ్చి గోల్ రాయమంటాడు. ఇన్నాళ్లూ గ్రూప్-2 అనో, ఎస్సై అనో, డల్లాస్ అనో రాసేవాళ్లు. ఇకమీదట అందరిదీ ఒకటే గోల్: ఐదేళ్లలో నేను ఇంగ్లిష్ మాట్లాడి సిగ్గుపడే స్థాయికి చేరుకుంటాను. దాన్ని హాస్టల్ గదిలో గోడకి అంటించుకుని పొద్దున్నే ఓసారి చదువుకోవాలి. గోల్ అన్నది స్పష్టంగా ఉండాలి, దానికో గడువుండాలి, కొలవడానికి వీలుండాలి అంటాడు కదా ఆ కోటాయన. మొదటి రెండూ ఉన్నాయి. కొలిచే పని యూనివర్సిటీ చూసుకుంటుంది.

సిలబస్ ముసాయిదా కూడా తయారు. మొదటి సెమిస్టర్‌లో ‘మే ఐ కమిన్ సార్’ దాకా. రెండులో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కి జవాబు: నాన్న పేరు, ఊరి పేరు, హాబీ క్రికెట్ చూడటం. మూడు, నాలుగుల్లో గ్రూప్ డిస్కషన్. అందులో మాట్లాడేవాడు ఒక్కడే, తక్కినవాళ్లంతా తలూపుతారు కాబట్టి సిగ్గు ఆ ఒక్కడికే తగులుతుంది, మార్కులు వేయడం తేలిక. ఐదులో యాస. ఆరో సెమిస్టర్ పూర్తిగా ప్రాక్టికల్స్. పది నిమిషాలు తడుముకోకుండా ఇంగ్లిష్‌లో మాట్లాడి, పదకొండో నిమిషంలో తల దించుకోవాలి. ఇంటర్నల్స్‌కి 20, ఎక్స్‌టర్నల్‌కి 80. ఎంత దించితే ఎన్ని మార్కులన్నది మధ్యాహ్నం ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి పెట్టిన భోజనాన్ని బట్టి ఉంటుంది. అది మన పాత సంప్రదాయమే, నేను కొత్తగా చేర్చింది కాదు.

పాఠ్యపుస్తకం కోసం వెతుక్కోనక్కర్లేదు. హోంశాఖే తెచ్చిపెట్టింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అట్ట మీద సంస్కృతం. అట్ట తిప్పితే ఇంగ్లిష్‌లో 358 సెక్షన్లు. ఇంగ్లిష్ రాస్తూనే సిగ్గుపడటం ఎలాగో ఇంత విపులంగా చూపించిన గ్రంథం మరొకటి నేనెరగను. మా సిగ్గు సాధనలో అది మొదటి ఏడాదికే పెట్టాను.

ఇక అర్హత పరీక్ష. జాతీయ స్థాయిలో జరగాలి, బాధ్యత జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏకే ఇవ్వాలి. అనుభవం ఉన్న సంస్థ. 2024 జూన్ 18న యూజీసీ నెట్ పెట్టారు, తొమ్మిది లక్షల మందికి పైగా రాశారు, మర్నాడు 19న కేంద్రమే రద్దు చేసింది. సరిగ్గా ఏడాది తిరిగి అదే 19వ తేదీకి సిగ్గు అన్న మాట వార్తల్లోకొచ్చింది. తేదీలో ఏదో మహిమ ఉంది. అయితే సిగ్గు ఏడాది ఆలస్యంగా వచ్చింది, వేరే చిరునామాకి వచ్చింది.

కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఈపాటికే ఫ్లెక్సీలు రాయిస్తూ ఉంటారు. 45 రోజుల్లో సిగ్గు గ్యారంటీ, డెమో క్లాసు ఉచితం, గృహిణులకు మధ్యాహ్నం బ్యాచ్, సిగ్గు రాకపోతే రెండో విడత ఫ్రీ. కార్పొరేట్ కాలేజీలు ఆరో తరగతి నుంచే సిగ్గు ఫౌండేషన్ మొదలుపెడతాయి. ఫలితాలొచ్చిన రోజు టీవీలో ఊపిరి బిగబట్టి చదువుతారు: సిగ్గులో 1, 1, 2, 3, 3, 4, 5... ఒకటో ర్యాంకు ఇద్దరికి ఎలా వచ్చిందని అడగకూడదు. అడిగితే సిగ్గు లేదనుకుంటారు.

ఆంధ్రలో పునాది మూడో తరగతిలోనే పడేది. టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం 2023లో ఒక ప్రభుత్వం అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుంది. తర్వాతి ప్రభుత్వం వచ్చి తీసేసింది. ఆ పిల్లలు ఇప్పుడు సగం సిగ్గులో ఉన్నారు. ముందుకు పోవాలో వెనక్కి రావాలో వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.

అసలు చిక్కు డల్లాస్‌తో. టెక్సాస్ మనవాళ్లు ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ మాట్లాడుతున్నారు. పాత బాకీలన్నీ కలిపి వాళ్లు పడాల్సిన సిగ్గు ఎంతవుతుందో లెక్కగట్టాలంటే చార్టర్డ్ అకౌంటెంట్ కావాలి. ఇక్కణ్ణుంచి వెళ్లబోయేవాళ్ల పరిస్థితి ఇంకా ఇరకాటం. అమెరికా వాళ్లు 2025 జూన్‌లోనే స్టూడెంట్ వీసాకి సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టమన్నారు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి, మొక్కు ఫలిస్తే 108కి సిద్ధమై, కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డ కుర్రాడు ఆ క్షణాన ఇంగ్లిష్ మాట్లాడాలా, సిగ్గుపడాలా? రెండూ చేస్తే అనుమానించి వెనక్కి పంపేస్తారు. ఈ ఒక్క సందర్భంలో సిగ్గును వీసా స్టాంపు పడేదాకా వాయిదా వేసుకోవచ్చని నిబంధన చేర్చాను.

అంతా సిద్ధం చేసుకుని ఒక యూనివర్సిటీ హాస్టల్‌కి వెళ్లాను. ఎమ్మే ఎకనామిక్స్ కుర్రాడు దొరికాడు. పదో తరగతి దాకా కాదు, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ముసాయిదా మొత్తం ఓపిగ్గా చదివాడు.

“సార్, ఒక డౌటు.”

“అడుగు.”

“నేను ఆల్రెడీ సిగ్గుపడుతున్నా సార్. ఇంటర్ నుంచి. ఇంగ్లిష్ రానందుకు. ఆ క్రెడిట్లు ఇందులోకి ట్రాన్స్‌ఫర్ అవుతాయా?”

కొత్త విద్యావిధానం వచ్చాక అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒకటి పెట్టారు. ఏ కాలేజీలో సంపాదించిన క్రెడిట్ అయినా అందులో జమవుతుంది. ఇంగ్లిష్ రానందుకు పడ్డ సిగ్గుకి మాత్రం అందులో ఖాతా లేదు. తెరిస్తే ఏ బ్యాంకూ తట్టుకోలేదు. సెమినార్‌లో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లలంతా అందులో డిపాజిటర్లే. ద్రవ్యోల్బణం గురించి తెలుగులో గంటసేపు చెప్పగల అమ్మాయి ప్లేస్‌మెంట్ గదిలోకి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికొచ్చి, బాగానే చేశానే అని స్నేహితురాలితో అబద్ధమాడుతుంది. అదీ అందులోనే జమ. పరీక్షలో సొంతమాట రాయడానికి భయపడి గైడ్ బట్టీపట్టిన ప్రతి పేజీ జమ. నా ముసాయిదాలో ఇంకా రెండు పేజీలున్నాయి గానీ, వాడి ముఖం చూశాక అవి చదివి వినిపించబుద్ధి కాలేదు.

వాడు తెలుగులో ఉన్నన్నాళ్లూ వాణ్ణి ఎవరూ గౌరవించలేదు. వాడు ఇంగ్లిష్ వైపు నాలుగు అడుగులు వేశాడో లేదో, ఆ ఇంగ్లిష్‌కే గౌరవం లేదంటారు. వాడు ఎక్కడికి చేరితే అక్కణ్ణుంచి గౌరవాన్ని ఎత్తుకుపోయే ఈ ఏర్పాటు ఎవరిది? విదేశాలకెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాలంటే ఫీజే 17 వేలకి తగ్గదు. ఇంట్లో ఇంగ్లిష్ ఉన్న పిల్లలకి మంత్రిగారి మాటతో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నవ్వుకుంటారు, ఫ్లైటెక్కుతారు. ఆ మాట నేరుగా వెళ్లి తగిలేది ఇరవై రెండేళ్లకి మొదటిసారి ధైర్యం చేసి నోరు తెరవబోతున్న ఈ కుర్రాడికే.

మన భాషల మీద అంత ప్రేమే ఉంటే ఏం చేయాలో హైదరాబాద్ నూరేళ్ల కిందట చేసి చూపించింది. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకుముందే, 1917లో, తర్జుమా విభాగం పెట్టారు. పండితుల్ని పిలిపించి, జీతాలిచ్చి, వందల పుస్తకాలు ఉర్దూ చేయించారు. మెడిసిన్, ఇంజనీరింగ్ కూడా ఆ భాషలోనే చెప్పారు. ఆ ఏర్పాటులో తెలుగు పిల్లల గతేమిటన్నది వేరే కథ, దాన్నిప్పుడు కదపను. పని జరిగిందన్నది మాత్రం నిజం. మనకీ 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చింది, వాటితోనే చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న తరం ఉంది. 2021లో ఆ అకాడమీ ఫిక్స్‌డ్ డిపాజిట్లు 60 కోట్ల పైచిలుకు దొంగ కాగితాలతో మాయమైనట్టు బయటపడింది. ఆ రోజు ఎవరు సిగ్గుపడ్డారు? అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కాలేజీలన్నిటినీ ఒక్క జీవోతో ఇంగ్లిష్ మీడియం చేశారు. అదే ఏడాది సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ వాళ్లు బీటెక్ తెలుగులో చదువుకోవచ్చన్నారు. ఒకే ఏడాది, రెండు దిక్కులు, మధ్యలో అదే పిల్లాడు. తెలుగులో బీటెక్ చేసినవాణ్ణి కంపెనీ ఏ భాషలో ఇంటర్వ్యూ చేస్తుందో ఢిల్లీలో ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించారా?

కోర్టుల సంగతీ అంతే. హైకోర్టు తీర్పు అధికారికంగా ఇప్పటికీ ఇంగ్లిష్‌లోనే వస్తుంది. భూమి కేసులో ఇరవై ఏళ్లు తిరిగిన రైతు చివరికి వరండాలో లాయర్ మొహం చూసి గెలిచామో ఓడామో తెలుసుకుంటాడు. రాజ్యాంగం 348వ అధికరణం అలా రాసింది, నిజమే. పార్లమెంటు చట్టం చేసేదాకా అని కూడా అదే అధికరణంలో ఉంది. పార్లమెంటులో కూర్చునేది ఎవరు? ఆ మంత్రిగారే కదా! చట్టం చేయాల్సిన చోట చేతులు కట్టుకుని కూర్చుని, పుస్తకావిష్కరణ సభకొచ్చి జనాన్ని సిగ్గుపడమంటారా?

ఆ కుర్రాడి కాలేజీలో ఇంగ్లిష్ చెప్పింది గెస్ట్ లెక్చరర్. గంటల లెక్కన డబ్బులు, అవీ ఏ నెలవి ఏ నెలలో వస్తాయో తెలియదు, వేసవి సెలవుల్లో అసలే ఉండవు. ఆయన బకాయిలు తీర్చడం చేతకాదు. ఆ పోస్టు భర్తీ చేయడం చేతకాదు. తెలుగులో ఒక మంచి ఎకనామిక్స్ పుస్తకం రాయించడమూ చేతకాదు. సరే, అవేవీ చేయకండి. ఆ కుర్రాడు ఏ భాషలో తల ఎత్తుకోవాలో, ఏ భాషలో దించుకోవాలో చెప్పడం మాత్రం ఆపండి. సోమవారం పొద్దున పది గంటలకి వాడికి ఇంటర్వ్యూ ఉంది.