సర్టిఫికెట్ వాళ్లకి, చెత్త మనకి

మార్కాపురం పలకకు ఛార్జర్ అక్కర్లేదు. పగిలితే రాయి రాయిలో కలుస్తుంది. అదంతా పాతకాలం చదువట! 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లల, టీచర్ల చేతుల్లో ట్యాబులు పెట్టింది. 5 లక్షల పైచిలుకు. శామ్‌సంగ్ ట్యాబు, బైజూస్ పాఠం. ఒకటే సంబరం! పాఠం కంపెనీ దివాలా తీసింది. ట్యాబు కంపెనీ 2025లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఎందుకట? పాత ఎలక్ట్రానిక్ సామాను రీసైక్లింగుకు కిలోకి కనీసం 22 రూపాయలు చెల్లించాలన్న కేంద్రం నిబంధన మోయలేని భారమట. పాపం!

ఆ నిబంధన వెనకున్న సూత్రం పేరు ఉత్పత్తిదారు బాధ్యత. వినసొంపుగా లేదూ? ప్లాస్టిక్ ప్యాకింగుకు, బ్యాటరీలకు, ఈ-వేస్టుకు 2022 ఒక్క ఏడాదిలోనే మూడు ఉత్తర్వులు. అమ్మినవాడే చెత్తకూ జవాబుదారీ. భేష్! అయితే కంపెనీ బండి మన వీధిలోకి వస్తుందనుకునేరు. దేశంలో ఏ మూలనున్న రీసైక్లర్ దగ్గరైనా రీసైక్లింగ్ సర్టిఫికెట్ కొని ప్రభుత్వ పోర్టల్‌లో చూపిస్తే చాలు. గిద్దలూరులో అమ్మొచ్చు, గుజరాత్‌లో లెక్క తీర్చొచ్చు. పోర్టల్‌లో నూటికి నూరు. మరి కంభంలో కాలవకు అడ్డం పడ్డ కవరు? అక్కడే ఉంటుంది. దానికి లాగిన్ లేదుగా!

పోనీ, ఆ కాగితమైనా నిజమా? 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే, మూడు రాష్ట్రాల్లోని కొద్దిమంది రీసైక్లర్ల దగ్గరే దాదాపు 6 లక్షల దొంగ సర్టిఫికెట్లు తేలాయి. రేషన్ కార్డులో అక్షరం తప్పుంటే మనల్ని చెప్పులరిగేలా తిప్పుతారే! లేని చెత్తను ఎత్తామన్నవాణ్ని ముందే అడిగే నాథుడు లేడా?

మన మార్కాపురం ప్రాంతంలో నీళ్ల ప్యాకెట్ షోకు కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన. శిలాఫలకం తాగలేం కదా, ప్యాకెట్ కొరుక్కుని తాగాం. ఇప్పుడు మనకే నీతులు: ప్లాస్టిక్ వాడకండి! నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర. చీపురు, ఫొటో, ఆ వెంటనే చల్లటి వాటర్ బాటిల్. ఖాళీ బాటిల్ ఎత్తేదెవరు? మున్సిపల్ కార్మికురాలు. ఆమె జీతం ఎవరి సొమ్ము? మనది. అందులో బాటిల్ కంపెనీ వాటా ఎంత?

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కండి. పులుల అభయారణ్యం. రోడ్డు పక్కన కోతి చిప్స్ ప్యాకెట్‌లో తల దూర్చి మసాలా నాకుతూ ఉంటుంది. ప్యాకెట్ వెనక చీమతలంత అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబరు. రూలు ప్రకారం అంతా సక్రమమే!

నిజంగా బాధ్యత మోసేది ఒక్కడే, పాత సామాన్ల బండివాడు. చచ్చిన ఇన్వర్టర్ బ్యాటరీ కొంటాడు, సీసానికి ధర ఉంది గనక. చిప్స్ కవరు ముట్టడు, పైసా రాదు గనక. అతనికి పోర్టల్ లేదు, సర్టిఫికెట్ లేదు, చేతికి తొడుగైనా లేదు.

అయ్యా అధికారులూ, ఒక్క పని చేయండి. ప్రతి సర్టిఫికెట్ మీదా ఏ ఊరి చెత్త ఎత్తారో ఆ ఊరి పేరు రాయించండి. ఆ ఊరి కార్మికురాలితో సంతకం పెట్టించండి. అప్పుడు చూద్దాం, ఎన్ని టన్నులు నిలబడతాయో!