బ్యాంకు మిత్ర బల్ల మీద నేను

నన్ను మైక్రో ఏటీఎం అంటారు. చిన్న తెర, వేలు పెట్టే గాజు పలక, రసీదు కాగితం చుట్ట, ఇంతే నా ఒళ్లు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో నల్లమల అంచు పల్లె, అందులో ఓ కిరాణా కొట్టు నా కాపురం. కొట్టతనే బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర. బ్యాంకేమో మండల కేంద్రంలో ఉంది. అక్కడికి పోతే ఆటో ఖర్చు, పైగా ఆ పూట కూలి పోతుంది. అందుకే జనం నా దగ్గరికొస్తారు.

2014 ఆగస్టు 28న అందరికీ బ్యాంకు ఖాతా ఉండాలనే జన్‌ధన్ పథకం మొదలైంది. ఖాతాలు 50 కోట్లు దాటాయి, సగానికి పైగా ఆడవాళ్లవే. ఖాతాలైతే తెరిచారు గానీ ఊరూరా శాఖ పెట్టడం అయ్యే పనా? నన్ను పంపారు.

ఉపాధి హామీ డబ్బులు పడ్డ రోజు చూడాలి నా అవస్థ. ఓ ముసలామె వేలు పెడుతుంది. పలుగూ పారా పట్టి గీతలరిగిపోయిన వేలు. ముద్ర పడదు. "ఇంకోసారి పెట్టు పెద్దమ్మా" అంటాడు కొట్టతను. చెంగుతో తుడుస్తుంది, నూనె రాసిన తలకు రుద్దుతుంది, చూపుడు వేలు కాదని బొటనవేలు పెడుతుంది. "నా డబ్బులు నాకియ్యడానికి దీనికేం రోగంరా!" అని తిట్లు నాకే. ఆ ముద్ర ఆధార్ వాళ్ల దగ్గర సరిపోవాలి, ఆమె బ్యాంకు సరేననాలి. నడుమ సిగ్నల్ పోయిందా, ఒక్కోసారి ఖాతాలో తగ్గిన సొమ్ము చేతికి రాదు. తిరిగి జమయ్యేదాకా ఆమెకు నిద్ర ఉండదు.

దొంగలూ తయారయ్యారు. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి మా పాత యంత్రాలను బోల్తా కొట్టించారు. నేను కొత్త రకాన్ని. పెట్టింది బతికున్న వేలేనా అని ముందు చూసుకుంటాను.

పెద్ద పెద్ద అప్పులు తీసుకునేవాళ్ల ముద్రలు నా దాకా రావు లెండి. 2018 మార్చి నాటికి మన బ్యాంకులిచ్చిన ప్రతి 100 రూపాయల్లో 11కు పైగా మొండి బాకీలే. 2016 దివాలా చట్టం కొంత రాబట్టింది, ప్రభుత్వం మూలధనం పోసింది, చాలా బాకీలు పద్దుల్లోంచి కొట్టేశారు. 2024 మార్చికి ఆ మొండి బాకీ వందకు 3 రూపాయల లోపుకు దిగింది. బ్యాంకులు తేరుకున్నాయి, సంతోషమే.

మరి మా ఊరి కౌలు రైతు? పొలం కాగితం తన పేర లేదు గనుక బ్యాంకు అప్పు దొరకడం కష్టం, వడ్డీ వ్యాపారి గుమ్మమే దిక్కు. కాగితం లేనివాళ్లకిస్తే మునుగుతామనే భయానికి జవాబు ఈ కొట్టు ముందే నిలబడుతుంది. డ్వాక్రా పొదుపు సంఘాల అక్కలు ఆస్తి తాకట్టు లేకుండా, సంఘం పూచీ మీదే అప్పు తీసుకుని నెలనెలా కిస్తీ కడుతున్నారు. అదే నమ్మకం కౌలు రైతుల సంఘాల మీదా పెట్టండి. దాచుకున్న సొమ్ము నా చేత ఇప్పించారు, బాగుంది. పంట అప్పు కూడా ఈ బల్ల దాకా పంపండి.