రామములక్కాయ అంటే నవ్వేవారికి

ఈ ప్రపంచంలో ఒక కూరగాయ పేరును ఇష్టమొచ్చినట్టు పలికే హక్కు అందరికీ ఉంది, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి తప్ప.

అనుమానముంటే విశాఖపట్నంలో ఏ పెద్ద షాపులోకైనా వెళ్లి 'రామములక్కాయలు అరకిలో' అని అడిగి చూడండి. కౌంటర్ దగ్గరి కుర్రాడు మునక్కాడల బుట్ట వైపు చెయ్యి చూపిస్తాడు. వెనక నిలబడ్డవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వు ఊరికే రాలేదు. దశాబ్దాలుగా పనివాడికీ, వెర్రిబాగులవాడికీ వెతికి వెతికి మా యాసనే తొడిగిన తెలుగు సినిమా ఇచ్చిన శిక్షణ అది. అదే మనిషి అదే కాయను మూతి సున్నాలా చుట్టి 'టొమేటోస్' అన్నాడా, 'క్యారీ బ్యాగ్ కావాలా సార్?' అని గౌరవం దక్కుతుంది.

సరే, మేం నేరం చేశామనే అనుకుందాం. తోటి ముద్దాయిలను కూడా బోనెక్కిద్దాం.

మెక్సికోలో ఈ పంట పండించిన అజ్టెకులు దీన్ని 'షితొమాత్ల్' అన్నారు. స్పెయినువాళ్లు తలా తోకా కోసి 'తొమాతె' చేశారు. ఇంగ్లిషువాళ్లు పొటాటో పక్కన కుదురుగా కూర్చుంటుందని చివర 'ఓ' తగిలించారు. తీరా అది 'టొమాటో'నా 'టొమేటో'నా అని బ్రిటనూ అమెరికా రెండుగా చీలిపోయాయి. ఆ పేచీ మీద 1937లో గెర్ష్విన్ సోదరులు ఏకంగా ఓ సినిమా పాటే కట్టారు. వాళ్ల నోరు తిరక్కపోతే పాట, మా నోరు తిరక్కపోతే కామెడీ ట్రాక్!

ఇటలీవాళ్లు దీన్ని 'బంగారు ఆపిల్' అన్నారు. ఫ్రెంచివాళ్లు ఒకప్పుడు 'ప్రేమ ఆపిల్' అన్నారు. ఆస్ట్రియాలో ఇప్పటికీ స్వర్గం పేరుతో పిలుస్తారు. యూరప్ పండితులు ఇంకా గంభీరంగా ఆలోచించి 'తోడేలు పీచ్ పండు' అని అర్థమొచ్చే శాస్త్రీయ నామం తగిలించారు. అది ఆపిలూ కాదు, పీచూ కాదు, తోడేలుకీ దానికీ ఏ బంధుత్వమూ లేదు. ఇవేవీ తప్పులు కావట. సంస్కృతి అట.

ఇక మా ముద్దాయి సంగతి. నేలములక అనే ముళ్ల మొక్క ఉంది. ఆయుర్వేదం చెప్పే దశమూలాల్లో ఒకటి. అది వంకాయ కుటుంబం. టమాటాదీ ఆ కుటుంబమే. ఆ ములకే రామములక్కాయలోనూ వినిపిస్తోంది. సరిహద్దు దాటితే ఒడియావాళ్లు 'బిలాతి బైగణ' అంటారు, అంటే సీమ వంకాయ. వాళ్లూ ఆ గడపలోకే చేర్చారు. శాస్త్రవేత్తల మాటేమిటి? 1753లో లిన్నేయస్ టమాటాను వంకాయ సరసన సొలానమ్ ప్రజాతిలో పెట్టాడు. మరుసటేడే మిల్లర్ దాన్ని విడదీసి వేరు కాపురం పెట్టించాడు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో జన్యువులు తిరగేసి మళ్లీ పాత ఇంటికే తెచ్చారు. రెండు వందల ఏళ్లకు పైగా ఊరంతా తిరిగి శాస్త్రం వచ్చి చేరిన గుమ్మంలో మా ముసలమ్మ ఎప్పుడో పీట వేసుకుని కూర్చుంది.

మధ్యలో రాముడెందుకంటారా? సీతాఫలం, రామాఫలం ఎక్కడివనుకుంటున్నారు? అవీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. వచ్చినవాళ్లకి ఇంటిపేరిచ్చి కలుపుకోవడం మన అలవాటు. కాకపోతే రాముడి పేరు పెట్టుకున్నా దీనికి పూరీ జగన్నాథుడి వంటింట్లో ప్రవేశం దొరకలేదు. ఆయన ఒప్పుకోలేదంటే అర్థం చేసుకోవచ్చు. షాపులో కుర్రాడికేం వచ్చింది?

పండిత వాదన ఇంకొకటుంది: 'ఎంతైనా అది మొరటు మాటండీ, ప్రామాణికం కాదు.' ఈ మాట ఏ గడ్డ మీద నిలబడి అంటున్నారో గమనించాలి. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం నాటకం వాడుక భాషలో రంగమెక్కింది. మరుసటేడాది అమెరికా సుప్రీంకోర్టు ముందుకు టమాటా వచ్చింది. కూరగాయలకు దిగుమతి సుంకం ఉంది, పండ్లకు లేదు. మరి ఇది ఏది? వృక్షశాస్త్రం ప్రకారం పండే, కానీ జనం మాట్లాడుకునే భాషలో కూరగాయ కాబట్టి కూరగాయేనని, సుంకం కట్టాల్సిందేనని కోర్టు తేల్చింది. జనం మాటే ప్రమాణమని అంత పెద్ద న్యాయస్థానం టమాటా సాక్షిగా ఒప్పుకుంటే, గిడుగు పుట్టిన జిల్లాలో ఇంకా వాయిదాలు నడుస్తున్నాయి.

గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. జనం నోటి తెలుగు కోసం పోరాడాడు. సవర గిరిజనుల మాట నేర్చుకుని దానికి నిఘంటువు కట్టాడు. ఆయన పుట్టినరోజున ఏం చేస్తాం? మైకు ముందు ఎవరికీ అర్థం కాని తెలుగులో 'వాడుక భాషా వైభవము' గురించి ఉపన్యసిస్తాం. సభ ముగిశాక ఇంటికెళ్లి, 'రామములక్కాయ పచ్చడి సేసినానే, తిను గుంటా' అన్న నానమ్మను ఇంగ్లిషు బడికెళ్లే మనవరాలు సరిదిద్దుతుంటే మురిసిపోతాం. బయటివాళ్ల నవ్వు సగమే. మిగతా సగం మన ఇళ్లలోనే పండుతోంది, ఎరువు కూడా మనమే వేస్తున్నాం.

సర్కారువారికీ పేర్ల సరదా తక్కువేమీ కాదు. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో 500 కోట్ల రూపాయలతో 'ఆపరేషన్ గ్రీన్స్' ప్రకటించారు. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల ఇంగ్లిషు పేర్ల మొదటక్షరాలు కూర్చి 'టాప్' అన్నారు. ఇంత పేరు పెట్టినా 2023లో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా రెండు వందల దరిదాపులకు వెళ్లింది. రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించాల్సి వచ్చింది. ధర పడిపోయిన ఏడు పత్తికొండ రైతు అదే పంటను రోడ్డు పక్కన పారబోస్తాడు. పేరు సరిగ్గా పలకలేదని మమ్మల్ని దిద్దడానికి వచ్చేవాళ్లు, ధర సరిగ్గా పలకలేదని రైతు మొత్తుకున్నప్పుడు ఎక్కడుంటారో?

కాబట్టి మా జిల్లాల రైతుబజార్లలో బోర్డు మీద 'రామములక్కాయ' అనే రాయండి. కింద చిన్నక్షరాల్లో కావాలంటే టమాటా అని పెట్టుకోండి, పరాయి ఊరివాళ్లు ఇబ్బంది పడకూడదు కదా. ఇక నవ్వు ఆగదంటారా, వరసలో రండి. ముందు తోడేలు పీచు అన్నవాళ్లను చూసి నవ్వండి. తర్వాత బంగారు ఆపిల్ అన్నవాళ్లను, ఆ తర్వాత చివర 'ఓ' తగిలించినవాళ్లను. మా వంతు వచ్చేసరికి ఇంకా నవ్వు మిగిలి ఉంటే, అప్పుడు సూద్దాం బావూ!